అమెరికా పబ్లిక్ ల్యాండ్‌లో కుందేళ్ల వేట: తరచుగా అడిగే ప్రశ్నలు

చలి మొదలయ్యేసరికి నాకు ఒకటే ప్రశ్న వస్తుంటుంది: "అన్నా, మనకు ఇక్కడ పొలం లేదు, పొలం ఉన్న దోస్తులూ లేరు. కుందేలు వేటకు ఎక్కడికి పోవాలి?" సొంత పొలం అక్కర్లేదు. ఈ దేశంలో లైసెన్స్ తీసుకున్న ఎవరైనా కాలు పెట్టగలిగే పబ్లిక్ ల్యాండ్ కోట్ల ఎకరాలుంది. కాకపోతే అక్కడ కుందేలును పట్టడం కంటే, మీరు నిలబడ్డ చోటు ఎవరిదో, ఆ చోట ఈ రోజు ఏది చెల్లుతుందో తెలుసుకోవడమే పెద్ద పని. పదే పదే అడిగినవాటికి జవాబులు ఒకచోట రాస్తున్నాను.

పబ్లిక్ ల్యాండ్ అంటే ఏది? అంతటా వేటాడొచ్చా?

అంతటా కుదరదు. ఫెడరల్ ప్రభుత్వం చేతిలోనే దాదాపు 64 కోట్ల ఎకరాలున్నాయి, దేశం మొత్తంలో నాలుగో వంతు పైమాటే. అందులో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ కింద సుమారు 24.5 కోట్ల ఎకరాలు, ఫారెస్ట్ సర్వీస్ కింద 19.3 కోట్ల ఎకరాలు. ఈ రెండింటిలో చాలా భాగం వేటకు తెరిచే ఉంటుంది. బ్యూరో భూములు దాదాపు అన్నీ పశ్చిమ రాష్ట్రాల్లో, అలాస్కాలో ఉన్నాయి. కాబట్టి టెక్సస్, జార్జియా, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉండేవాళ్లు వాటి కోసం వెతికి లాభం లేదు.

తూర్పున, దక్షిణాన మనకు అక్కరకొచ్చేవి వేరు. నేషనల్ ఫారెస్ట్‌లు అక్కడా ఉన్నాయి. వాటికంటే దగ్గర్లో దొరికేవి రాష్ట్రాలు నడిపే వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాలు. పేరు రాష్ట్రానికో రకంగా ఉంటుంది: పెన్సిల్వేనియాలో స్టేట్ గేమ్ ల్యాండ్స్ అంటారు, మిస్సోరీలో కన్సర్వేషన్ ఏరియా అంటారు. ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ కట్టిన పెద్ద చెరువుల చుట్టూ ఉన్న భూమిలో కూడా కొంత భాగం వేటకు వదులుతారు. నా అనుభవంలో కొత్తవాళ్లు పట్టించుకోని మంచి చోట్లు ఇవే.

నేషనల్ పార్కుల్లో వేట మామూలుగా నిషిద్ధం. నేషనల్ ప్రిజర్వ్ అన్న పేరున్నవాటిలో అనుమతి ఉంటుంది, అవి వేరు, ఇవి వేరు. నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌లు (ఫెడరల్ అభయారణ్యాలు) చాలావరకు ఏదో ఒక వేటకు తెరిచి ఉన్నా, ఏ జంతువు, ఏ రోజులు అన్నది రెఫ్యూజ్‌కో తీరు. ఊళ్లో ఉండే సిటీ పార్కు, కౌంటీ పార్కుల్లో మాత్రం, స్పష్టంగా రాసిపెట్టి ఉంటే తప్ప, వేట లేదనే అనుకోండి.

ఫెడరల్ భూమిలో వేటాడితే లైసెన్స్ ఎవరి దగ్గర తీసుకోవాలి?

రాష్ట్రం దగ్గరే. భూమి ఫెడరల్‌ది అయినా కుందేలు విషయంలో సీజన్, లిమిట్ (రోజుకు ఎన్ని కొట్టొచ్చన్న లెక్క), లైసెన్స్ అన్నీ ఆ రాష్ట్రపు వన్యప్రాణి శాఖే చూస్తుంది. దాని మీద ఆ భూమికి విడిగా ఏదైనా పర్మిట్ ఉంటే అదీ తీసుకోవాలి. ఉదాహరణకు టెక్సస్‌లో రాష్ట్రం నడిపే చాలా వేట భూముల్లోకి వెళ్లాలంటే మామూలు లైసెన్స్ చాలదు, ఏడాదికి 48 డాలర్ల పబ్లిక్ హంటింగ్ పర్మిట్ కూడా ఉండాలి. కొన్నిచోట్ల గేటు దగ్గర కార్డు నింపి పెట్టెలో వేయాలి, తిరిగి వెళ్లేటప్పుడు ఎన్ని కొట్టారో రాయాలి. ఆ కార్డు నింపడం మర్చిపోయినా జరిమానా పడొచ్చు.

బాతుల వేటకు కొనే డక్ స్టాంప్ కుందేళ్లకు అవసరం లేదు. ఇది కూడా చాలామంది అడుగుతారు.

హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరా?

దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ ఒక పుట్టిన తేదీ గీత ఉంటుంది. ఆ తేదీన గానీ, తర్వాత గానీ పుట్టినవాళ్లు కోర్సు చేయాలి. టెక్సస్‌లో ఆ గీత 1971 సెప్టెంబర్ 2. అంటే ఇది చదువుతున్నవాళ్లలో ఎక్కువమంది చేయాల్సినవాళ్లే. పెద్దవాళ్లకు చాలా రాష్ట్రాలు ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయనిస్తాయి. ఒక రాష్ట్రంలో తెచ్చుకున్న కార్డును మిగతా రాష్ట్రాలు ఒప్పుకుంటాయి, ఉద్యోగం మారి ఊరు మారినా మళ్లీ చేయనక్కర్లేదు. తప్పనిసరి కాకపోయినా నేనైతే చేయమనే అంటాను. తుపాకి ఎన్నడూ పట్టని ఇంటి నుంచి వచ్చిన మనలాంటివాళ్లకు ఆ కొన్ని గంటలు దండగ కావు.

నేను హెచ్1బీ మీద ఉన్నాను. తుపాకి పట్టుకోవచ్చా?

మిగతావన్నీ వదిలేసినా ఈ జవాబు మాత్రం రెండుసార్లు చదవండి. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు, అంటే హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, ఎల్1 వగైరా అందరూ, తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొనడం ఒక్కటే నేరం అనుకోకండి. స్నేహితుడి తుపాకి కాసేపు తీసుకుని షూటింగ్ రేంజ్‌లో నాలుగు రౌండ్లు కాల్చినా అదే లెక్క.

అదే చట్టంలో ఒక మినహాయింపు ఉంది. అమెరికాలో చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ మీ చేతిలో ఉంటే ఈ నిషేధం వర్తించదు. అంటే మీకు ఆ లైసెన్స్ వేటకు అనుమతి పత్రమే కాదు, తుపాకి ముట్టుకోవడానికి ఆధారం కూడా. కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి: ముందు ఆన్‌లైన్ కోర్సు, తర్వాత లైసెన్స్, ఆ తర్వాతే రేంజ్, తుపాకి.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. లైసెన్స్ గడువు ఏ ఆగస్టు చివరికో, జూన్ చివరికో తీరిపోతుంది. తుపాకి మాత్రం అల్మరాలోనే ఉంటుంది. మర్నాటి నుంచి అది మీ ఇంట్లో ఉండటమే నేరం. సీజన్ ఉన్నా లేకపోయినా, వేటకు వెళ్లినా వెళ్లకపోయినా, తుపాకి ఉన్నంతకాలం లైసెన్స్‌ను ఒక్కరోజు కూడా ఖాళీ లేకుండా రెన్యూ చేస్తూ ఉండాలి. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. స్టేటస్ పోయి, చట్టవిరుద్ధంగా ఉన్నవాళ్లకైతే ఈ మినహాయింపు అసలు పనికిరాదు.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. అయినా రాష్ట్రాల చట్టాలు ఫెడరల్ చట్టం కంటే గట్టిగా ఉండే చోట్లున్నాయి. అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌కు ఒక గంట ఫీజు కట్టి అడగండి. అంత టెన్షన్ వద్దు అనుకుంటే విల్లుతో వేటాడొచ్చు. కుందేలును బాణంతో కొట్టడం కష్టమే, కానీ వీసా భయం ఉండదు. ఇంకో మాట: సిటిజన్‌షిప్ దరఖాస్తులో పోలీసులు, అధికారులు ఎప్పుడైనా కేసు రాశారా అని అడుగుతారు. రెండు కుందేళ్ల కోసం అక్కడ 'అవును' అని రాసుకునే పరిస్థితి తెచ్చుకోకండి.

సీజన్ ఎప్పుడు? రోజుకు ఎన్ని కొట్టొచ్చు?

రాష్ట్రాన్ని బట్టి ఎంత తేడా ఉంటుందో చూడండి. మిస్సోరీలో అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, రోజుకు ఆరు. కాన్సాస్‌లో ఏడాది పొడుగునా సీజనే, రోజుకు పది. మెయిన్ రాష్ట్రంలో కాటన్‌టెయిల్ (ఇక్కడ మామూలుగా కనబడే కుందేలు) వేటే లేదు, ఎందుకో కింద రాశాను. ఈ అంకెలు ఏటా మారొచ్చు కాబట్టి ఆ ఏడాది రూల్స్ పుస్తకం డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్‌లో ఉంచుకోండి. రాష్ట్రం మొత్తానికి చెప్పిన రూల్ ఒకటి, మీరు వెళ్లే భూమికి విడిగా ఉన్న రూల్ ఒకటి. రెండోదే గట్టిది. జింకల సీజన్ నడుస్తున్న రోజుల్లో కుందేళ్ల వేటను ఆపేసే చోట్లు, వారంలో కొన్ని రోజులే తెరిచే చోట్లు ఉన్నాయి. మెయిన్‌లో ఆదివారం వేటే నిషిద్ధం.

నన్నడిగితే జింకల సీజన్ ముగిశాక, జనవరి చివర్లో, అదీ వారం మధ్యలో వెళ్లండి. జనం ఉండరు, ఆకు రాలిపోయి పొదలో చూపు ఆనుతుంది, గోమార్లు, పురుగు తగ్గి ఉంటాయి.

కాటన్‌టెయిల్, జాక్‌రాబిట్, స్నోషూ హేర్: ఇవన్నీ కుందేళ్లేనా?

మన భాషలో అన్నిటినీ కుందేలు అనే అంటాం, కొన్ని ఊళ్లలో చెవులపిల్లి అంటారు. ఇక్కడ మాత్రం తేడా తెలియాలి, ఎందుకంటే రూల్స్ పుస్తకంలో ఒక్కోదానికి ఒక్కో వరుస ఉంటుంది. కాటన్‌టెయిల్ పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని గూట్లో పుడతాయి. జాక్‌రాబిట్, స్నోషూ అనేవి హేర్ జాతివి. వాటి పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి. స్నోషూ చలికాలానికి తెల్లగా మారుతుంది. జాక్‌రాబిట్ పశ్చిమాన, మధ్యలోని గడ్డి మైదానాల్లో ఉంటుంది, చెవులు చూడగానే తెలిసిపోతుంది. దక్షిణాన బురద నేలల్లో స్వాంప్ రాబిట్ ఉంటుంది. మిస్సోరీలో రోజుకు కొట్టే ఆరింటిలో స్వాంప్ రాబిట్లు రెండుకు మించకూడదు.

ముట్టుకోకూడనివీ ఉన్నాయి. న్యూ ఇంగ్లండ్ కాటన్‌టెయిల్ బాగా తగ్గిపోయింది. దాన్నీ మామూలు ఈస్టర్న్ కాటన్‌టెయిల్‌నూ దూరం నుంచి చూసి విడదీయడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. మెయిన్‌లో వేట ఆపేసింది అందుకే. ఫ్లోరిడా కీస్‌లోని మార్ష్ రాబిట్, వాషింగ్టన్ రాష్ట్రపు కొలంబియా బేసిన్ పిగ్మీ రాబిట్, కాలిఫోర్నియా నదుల ఒడ్డున ఉండే రిపేరియన్ బ్రష్ రాబిట్ ఫెడరల్ రక్షణలో ఉన్నాయి. ఆ ప్రాంతాల్లో ఉంటే వెళ్లేముందు వాటి గురించి చదువుకోండి.

సరిహద్దు దాటానో లేదో ఎలా తెలుస్తుంది?

కంచె చూసి నమ్మకండి. కంచె పశువుల కోసం వేస్తారు, అది హద్దు మీదే ఉండాలని లేదు. జీపీఎస్ మీద భూమి యజమాని ఎవరో చూపించే ఆన్ఎక్స్ లాంటి యాప్ పెట్టుకోండి, ఇంట్లోనే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, అడవిలో సిగ్నల్ ఉండదు. చెట్ల మీద ఊదా రంగు నిలువు గీతలు కనబడితే ఆగిపోండి. టెక్సస్, మిస్సోరీ సహా చాలా రాష్ట్రాల్లో ఆ గీతకు 'లోపలికి రావద్దు' బోర్డుకున్నంత విలువ ఉంది. చట్టం తెలియనివాళ్లు ఎవరో చెట్లను లెక్కపెట్టారని అనుకుని దాటేస్తారు. మొదటి ఏడాది నేనూ అలాగే అనుకున్నాను. ఆ పొలం పెద్దాయన మంచివాడు కాబట్టి గీత మీద చెయ్యి పెట్టి చూపించి, అర్థం చెప్పి పంపించాడు.

దెబ్బ తిన్న కుందేలు హద్దు దాటి పక్కవాళ్ల భూమిలో పడితే? చాలా రాష్ట్రాల్లో తెచ్చుకోవడానికైనా అడగకుండా వెళ్లకూడదు. అందుకని హద్దుకు దగ్గర్లో కాల్చకపోవడమే నయం.

నేషనల్ ఫారెస్ట్‌లో ఇంకో లెక్క ఉంది: ఇల్లు, కట్టడం, క్యాంప్‌సైట్, జనం ఉండే చోటు, వీటికి 150 గజాల లోపల కాల్చకూడదు. ఫారెస్ట్ రోడ్డుకు అడ్డంగా, నీటికి అడ్డంగా కూడా కాల్చకూడదు. 150 గజాలంటే ఒకటిన్నర ఫుట్‌బాల్ మైదానాలంత.

అంత పెద్ద అడవిలో కుందేలు ఎక్కడ దొరుకుతుంది?

పెద్ద అడవిలో దొరకదు. ఎత్తైన చెట్లు, కింద శుభ్రంగా ఆకులు, నడవడానికి హాయిగా ఉన్న చోట కుందేలుకు తినడానికీ లేదు, దాక్కోవడానికీ లేదు. మీకు నడవబుద్ధి కాని చోటు వెతకండి. ముళ్ల పొదలు, బీడు పడ్డ పొలం అంచులు, కొమ్మలు నరికి పోసిన కుప్పలు, కొన్నేళ్ల కిందట చెట్లు కొట్టేసి మళ్లీ దట్టంగా మొలిచిన కూపులు, వాగు గట్లు. అడవీ గడ్డీ కలిసే అంచు ఎక్కడుంటే అక్కడ. వన్యప్రాణి శాఖ వాళ్లు చాలాచోట్ల కావాలనే కొమ్మల కుప్పలు వేసి పెడతారు, అవి కుందేలు కాలనీలే అనుకోండి. కాటన్‌టెయిల్ తనంతట తాను బొరియ తవ్వుకోదు. పగలంతా గడ్డిలో చిన్న గుంట చేసుకుని కదలకుండా కూర్చుంటుంది. చలి మరీ ఎక్కువైతే గ్రౌండ్‌హాగ్ అనే జంతువు తవ్వి వదిలేసిన బొరియలో దూరుతుంది.

వెళ్లగానే తుపాకి సంగతి మర్చిపోయి ఒక పావుగంట నేల చూడండి. బఠాణీ గింజంత గుండ్రని పెంటికలు. లేత కొమ్మల కొనలు కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా తెగి ఉంటే అది కుందేలు పని. జింకకు పై దవడలో ముందు పళ్లుండవు, పట్టి లాగుతుంది, అందుకే అది తిన్న కొన పీచుపీచుగా ఉంటుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం అడవిని వదిలేయొచ్చు.

మంచు పడితే ఇంకా మంచిది. కుందేలు జాడ మొదట తికమక పెడుతుంది: రెండు పెద్ద అడుగులు పక్కపక్కన, రెండు చిన్నవి వాటి వెనక. గెంతేటప్పుడు వెనక కాళ్లు ముందు కాళ్లను దాటి ముందుకు పడతాయి. కాబట్టి పెద్ద అడుగులున్న వైపే అది వెళ్లింది. రాత్రి మంచు కురిసి ఆగి, పొద్దున ఎండ కాస్తే, దక్షిణం వైపు వాలుగా ఉన్న గట్ల మీద ఎండ తగిలే పొద దగ్గర చూడండి.

ఇక నడక. కొత్తవాళ్లు తోటలో వాకింగ్‌కు వెళ్లినట్టు ఒకే తీరున నడుస్తారు. మీరు అలా నడిచిపోతే కుందేలు మీ కాలి పక్కనే కూర్చుని, మీరు పోయేదాకా చూస్తుంది. నాలుగైదు అడుగులు వేసి ఆగండి. అర నిమిషం, ఒక్కోసారి నిమిషం. ఆ నిశ్శబ్దం దానికి భరించరానిది, తనను చూసేశారనుకుని లేస్తుంది. ఆగినప్పుడు కుందేలు కోసం చూడకండి, కన్ను కోసం చూడండి. గోధుమ రంగు గడ్డిలో గోధుమ రంగు ఒళ్లు కనబడదు. తడిగా మెరిసే ఒక నల్లని గుండ్రని చుక్క కనబడుతుంది, దాని చుట్టూ మెల్లగా చెవి, ముక్కు, వీపు గీత పోగవుతాయి. మొదటిసారి అలా కనబడ్డ రోజు నేను తుపాకి ఎత్తడమే మర్చిపోయాను.

కుక్క లేకుండా కుదరదా?

ఇద్దరుంటే హాయిగా కుదురుతుంది. ఒకరు పొద తొక్కితే ఒకరు బయట నిలబడొచ్చు. బీగిల్ కుక్కలతో వేట వేరే లోకం. కాటన్‌టెయిల్ కొన్ని ఎకరాల్లోనే బతుకుతుంది, తరిమితే పెద్ద చుట్టు తిరిగి మళ్లీ లేచిన చోటికే వస్తుంది. బీగిల్ వాసన పట్టి అరుస్తూ నెమ్మదిగా తరుముతుంటే వేటగాడు మొదట లేచిన చోటే నిలబడి ఎదురు చూస్తాడు. కుక్కకు ముందు నేల బారున కాల్చకూడదన్నది అందరూ ప్రాణంగా పాటించే కట్టుబాటు. పబ్లిక్ ల్యాండ్‌లో ఎవరిదో కుక్కల గుంపు అరుపు వినబడితే, అటు వెళ్లి వాళ్ల కుందేలుకు అడ్డం పడకండి. పక్కకు తప్పుకోండి.

ఏ తుపాకి?

20 గేజ్ లేదా 12 గేజ్ షాట్‌గన్, 6 నంబరు గుండ్లు, ఇంప్రూవ్డ్ సిలిండర్ చోక్ (గుండ్లు ఎంత విచ్చుకోవాలో నిర్ణయించే, గొట్టం మొనలోని భాగం). పరుగెత్తే కుందేలుకు అదే సరి. కూర్చున్నదాన్ని కొట్టే ఓపికుంటే .22 రైఫిల్. మాంసం పాడవదు, కానీ దాని తూటా ఒక మైలు దాటి వెళుతుంది, వెనక మట్టి గట్టు లేకుండా కాల్చకండి. కొన్ని భూముల్లో సీసం గుండ్లు పనికిరావు, స్టీల్ లాంటివే వాడాలి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వేటకైనా సీసం నిషిద్ధం.

పబ్లిక్ ల్యాండ్‌లో ఇంకెవరైనా ఉంటే ప్రమాదం కాదా?

ఉంటారనే అనుకుని నడవాలి. వేటగాళ్లే కాదు, పుట్టగొడుగుల కోసం వచ్చేవాళ్లు, పక్షులను చూసేవాళ్లు, పిల్లలతో నడకకు వచ్చేవాళ్లు. ఆ భూమి మీ ఒక్కరిది కాదు.

నా రెండో సీజన్‌లో సంగతి. నేల మీద రెండంగుళాల మంచు. పొదలోంచి కుందేలు లేచి ఎడమకు తిరిగింది. తుపాకి భుజానికి చేరింది, బొటనవేలు సేఫ్టీ మీద ఉంది. కుందేలు వెనక, ముళ్ల కొమ్మల సందులో, అరచేయంత నారింజ రంగు. ఒకాయన మొద్దు మీద కూర్చుని వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. తుపాకి దించేశాను. కుందేలు ఆయన పక్క నుంచే పోయింది, ఆయన తలెత్తి చూసి నవ్వాడు. నా చేతులు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి. ఆయన ఆ నారింజ టోపీ పెట్టుకోకపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచించలేను.

కాబట్టి నారింజ రంగు జాకెట్టు, టోపీ రెండూ వేసుకోండి, మీ రాష్ట్రంలో తప్పనిసరైనా కాకపోయినా. జింకల సీజన్‌తో కలిసే రోజుల్లో చాలా రాష్ట్రాల్లో అది చట్టం కూడా. ముగ్గురు కలిసి నడిస్తే ఒకే వరుసలో నడవాలి, ఎవరు ఏ దిక్కుకు కాల్చాలో ముందే మాట్లాడుకోవాలి, ఆ గీత దాటి తుపాకి తిప్పకూడదు. కుందేలు ఇద్దరి మధ్య నుంచి వెనక్కి పరుగెత్తితే దాన్ని వదిలేయండి. కారు ఎక్కేముందు తూటాలు తీసేయండి.

వీటిని చంపడం వల్ల జాతి తగ్గిపోదా?

మామూలు ఈస్టర్న్ కాటన్‌టెయిల్‌కు ఆ భయం లేదు. ఆడ కుందేలు దాదాపు 28 రోజులకు ఈనుతుంది, ఏడాదిలో చాలాసార్లు, కాన్పుకు నాలుగైదు పిల్లలు. వాటిలో ఎక్కువ భాగం వేటగాడు ఉన్నా లేకున్నా ఏడాది నిండకముందే గద్దకో, నక్కకో, చలికో పోతాయి. కుందేలును నిజంగా తగ్గించేది పొద పోవడం. బీడు దున్నేస్తే, ముళ్ల కంచె తీసేస్తే, ఇళ్లు కడితే ఏ సీజనూ లిమిటూ దాన్ని కాపాడలేవు. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వల్ల మనం కొనే తుపాకులు, తూటాల మీద 10, 11 శాతం పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతుంది. మీరు నడిచే ఆ పొదల్లో కొన్ని ఆ డబ్బుతో నిలబడ్డవే. అయినా లిమిట్ ఆరు ఉంది కదా అని ఒకే పొదలో ఆరూ కొట్టకండి. నేను ఒక పొదలో రెండు దాటను.

కుందేలు మాంసంతో జబ్బులు వస్తాయంటారు. నిజమేనా?

జాగ్రత్త లేకపోతే రావొచ్చు. ముఖ్యమైనది టులరీమియా, కుందేలు జ్వరం అని కూడా అంటారు. కాలిఫోర్నియాలోని టులేరీ కౌంటీ పేరు మీద వచ్చిన మాట అది. జబ్బు చేసిన కుందేలును ఒలిచేటప్పుడు చేతి గాయం నుంచి, లేదా గోమార్లు, డీర్ ఫ్లై అనే ఈగలు కుట్టడం వల్ల మనిషికి సోకుతుంది. మామూలుగా మూడు నుంచి ఐదు రోజుల్లో జ్వరం, సోకిన చోట పుండు, బిళ్లకట్టడం మొదలవుతాయి. యాంటీబయాటిక్స్‌తో నయమవుతుంది, కానీ డాక్టర్‌కు "కుందేలును ఒలిచాను" అని మీరు చెప్పాలి. చెప్పకపోతే ఆయనకు ఆ ఊహ రాదు.

చేయాల్సిందల్లా ఇది: రబ్బరు గ్లవ్స్ లేకుండా ఒలవకండి. మనిషిని చూసి లేవలేక, మత్తుగా కూర్చున్న కుందేలును కొట్టకండి. కాలేయం మీద తెల్లని చుక్కలు చిమ్మినట్టుంటే ఆ కుందేలును తినకండి. మాంసం లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి తగిలేదాకా ఉడికించండి. ఫ్రీజర్‌లో పెడితే ఈ క్రిమి చస్తుందని నమ్మకండి.

సెప్టెంబర్, అక్టోబర్‌లలో చర్మం కింద వేలి కణుపంత పురుగు కనబడుతుంది, బాట్‌ఫ్లై అనే ఈగ పిల్ల అది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, కానీ ఆ భాగం కోసేస్తే మిగతాది తినొచ్చు. పొట్టలో బఠాణీల్లాంటి నీటి బుడగలు కనబడితే అవి టేప్‌వార్మ్‌వి. మనుషులకు రావు, కానీ ఆ పేగులు కుక్కకు వేయకండి. ఒకేచోట మూడు నాలుగు చచ్చిన కుందేళ్లు కనబడితే ముట్టుకోకుండా వన్యప్రాణి శాఖకు ఫోన్ చేయండి. 2020లో న్యూమెక్సికో వైపు మొదలై పశ్చిమాన పాకిన ఆర్‌హెచ్‌డీవీ2 అనే వైరస్ అలాగే గుంపులుగా చంపుతుంది. అది మనుషులకు సోకదు, కానీ మీ బూట్లకు అంటుకుని ఇంకో చోటికి వెళ్లగలదు.

ఒలవడం, వండటం?

కొట్టిన గంటలోపే పేగులు తీసేసి, లోపల చల్లగాలి తగిలేలా సంచీలో పెట్టుకోండి. వేడి మాంసాన్ని ప్లాస్టిక్ కవర్లో కట్టేయడం కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు. కుందేలు తోలు కాగితంలా పల్చన, వీపు మీద చిటికెడు పట్టి చిన్న గాటు పెట్టి రెండు వైపులకూ లాగితే చొక్కా విప్పినట్టు వచ్చేస్తుంది. ఇంటికొచ్చాక వేలితో తడిమి గుండ్లు తీయండి. గుండు దూరిన చోట నల్లగా కమిలి ఉంటుంది, ఒక్కోసారి బొచ్చు కూడా లోపలికి పోయి ఉంటుంది. రాత్రంతా ఉప్పు నీళ్లలో నానబెట్టండి. ఇందులో కొవ్వు లేదు కాబట్టి కోడిలా వేపుడు చేస్తే చెక్కలా అవుతుంది. నూనె కాస్త ఎక్కువ వేసి, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లితో నెమ్మదిగా, మూత పెట్టి, ఎముక వదిలేదాకా ఉడికించండి. తినేటప్పుడు పిల్లలకు గుండు తగలొచ్చని ముందే చెప్పండి. అమ్మడం గురించి మాత్రం ఆలోచించకండి, చాలాచోట్ల నేరం.

సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు మా ఊళ్లో వేటాడొచ్చా?

వద్దు. అక్కడి కుందేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉంది. ఉచ్చు వేసినా, కుక్కలతో తరిమినా, మాంసం కొన్నా నేరమే. "మా తాతల కాలం నుంచి కొడుతున్నాం" అన్నది జవాబు కాదు.

గేమ్ వార్డెన్ (వేట రూల్స్ అమలు చేసే అధికారి) ఎదురైతే ఏం చేయాలి?

భయపడనక్కర్లేదు, పబ్లిక్ ల్యాండ్‌లో ఇది మామూలే. ఆయన పిలవగానే ఆగి, తుపాకి మొన నేలకో ఆకాశానికో పెట్టి, "ఖాళీ చేయమంటారా?" అని అడగండి. చెప్పకుండా చేతులు కదపకండి. లైసెన్స్, పర్మిట్ చూపించండి, ఫోన్‌లో ఉంటే ఆ స్క్రీన్ ముందే తెరిచి పెట్టుకోండి. సంచీ తెరిచి కుందేళ్లు లెక్కపెడతాడు, షాట్‌గన్‌లో ఎన్ని తూటాలు పడతాయో, సీసమా స్టీలా చూస్తాడు. రూల్ ఏదైనా అర్థం కాకపోతే ఆయన్నే అడగండి, నాకు ఎదురైన వార్డెన్లు ఓపిగ్గా చెప్పారు. ఒకసారి ఒకాయన నా సంచీలో ఉన్న ఒకే ఒక్క కుందేలును చూసి, కారు బానెట్ మీద మ్యాప్ పరిచి, వాగు అవతల కొత్తగా కూపు కొట్టిన చోటు వేలు పెట్టి చూపించాడు. ఇప్పటికీ ప్రతి జనవరిలో నేను వెళ్లేది అక్కడికే.